లైటు వెలిగింది, పెడల్ పలకలేదు: నా అనుభవం

అక్టోబరు 5, ఆదివారం సాయంత్రం నా గిటార్ పెడల్‌కి, అంటే గిటార్‌కీ ఆంప్‌కీ (యాంప్లిఫయర్‌కీ) మధ్య పెట్టి కాలితో నొక్కి సౌండ్ మార్చే డబ్బాకి, చివరి వైరు అతికించాను. అడాప్టర్ పెట్టి, గిటార్ తగిలించి ఫుట్‌స్విచ్ నొక్కితే ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. తీగ మీటాను. ఏమీ రాలేదు. గట్టిగా కొడితే స్పీకర్‌లోంచి 'ఫట్, ఫ్ర్‌ర్' అని ఒక ముక్క వచ్చి టక్కున తెగిపోయింది. స్విచ్ మళ్లీ నొక్కి బైపాస్‌లో, అంటే సౌండ్ బోర్డులోకి పోకుండా నేరుగా ఆంప్‌కి వెళ్లేలా, పెడితే గిటార్ శుభ్రంగా పలుకుతోంది. అంటే గిటార్, కేబుళ్లు, ఆంప్ మూడూ బాగానే ఉన్నాయి. తేడా ఉన్నది నేను కట్టిన బోర్డులోనే.

కట్టింది గిటార్ సౌండ్‌కి కాస్త గరుకుదనం ఇచ్చే టీఎస్808 సర్క్యూట్. ఐబనెజ్ వాళ్ల ఆకుపచ్చ ట్యూబ్ స్క్రీమర్ అంటే బ్లూస్ వాయించేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, స్టీవీ రే వాన్ పుణ్యమా అని. లోపల సౌండ్‌ని పెంచే ఒక 4558 ఐసీ (చిప్), రెండు ట్రాన్సిస్టర్లు, రెండు బుల్లి డయోడ్లు, డ్రైవ్, టోన్, లెవెల్ తిప్పుకోవడానికి మూడు పాట్లు, మిగతావి రెసిస్టర్లు, కెపాసిటర్లు. కొత్తది కొనాలంటే పది వేల పైమాటే. నాకు అన్నీ కలిపి సుమారు రూ.2,300 అయింది. అందులో అల్యూమినియం డబ్బా (1590బీ సైజు) రూ.650, పెడల్ అడాప్టర్ రూ.550, ఆ తొమ్మిది కాళ్ల 3పీడీటీ ఫుట్‌స్విచ్ రూ.180. సౌండ్‌ని నిజంగా తయారుచేసే సామానంతా, ఐసీ, రెసిస్టర్లు, కెపాసిటర్లు, డయోడ్లు కలిపి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో రెండు వందల్లోపే వచ్చింది. డబ్బా, స్విచ్ మాత్రం అక్కడ దొరకలేదు. సెప్టెంబరు మధ్యలో ఆన్‌లైన్‌లో పెడితే వారం పైనే పట్టింది. డబ్బాకి రంధ్రాలు మా సందులో అల్యూమినియం కిటికీలు చేసే అతను వేసిపెట్టాడు. ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు, జాక్‌లకి తొమ్మిదిన్నర, పాట్లకి ఏడు. వంద తీసుకున్నాడు. "ఇదేంది తమ్మీ, టిఫిన్ డబ్బాకి ఇన్ని బొక్కలు?" అని నవ్వాడు.

అడాప్టర్ గురించి ఒక మాట. ఇంట్లో పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఉంది, అదీ 9 వోల్టులే, పిన్ కూడా సరిగ్గా పడుతుంది. కానీ మామూలు అడాప్టర్లలో ఎక్కువ వాటికి పిన్ మధ్యలో ప్లస్ ఉంటుంది. గిటార్ పెడల్స్‌కి మధ్యలో మైనస్ కావాలి. అందుకే ఆ రూ.550 ఖర్చు.

ఆ రాత్రి పదకొండు దాకా బోర్డు తిరగేసి చూస్తూనే ఉన్నాను. వెరో బోర్డులో రాగి గీతలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వాటి మధ్య బ్లేడుతో గీరాను, ఎక్కడైనా సోల్డర్ కలిసిపోయిందేమోనని. ఐసీ మీద మొదటి కాలు ఎటో చూపే చుక్క సరైన వైపే ఉంది. డయోడ్లు ఒకదానికొకటి ఎదురెదురుగానే ఉన్నాయి. ట్రాన్సిస్టర్ల విషయంలో ముందే జాగ్రత్తపడ్డాను. సర్క్యూట్ ప్లాన్‌లో ఉన్నది 2ఎస్‌సీ1815. నాకు దొరికింది బీసీ549. చదునైన ముఖం మనవైపు తిప్పి చూస్తే మొదటిదాని కాళ్లు ఎమిటర్, కలెక్టర్, బేస్. రెండోదానివి కలెక్టర్, బేస్, ఎమిటర్. అందుకే కాళ్లకి స్లీవ్ తొడిగి, మెలితిప్పి సరైన చోట దించాను. అది కూడా ఇంకోసారి చూసుకున్నాను. అంతా ప్లాన్‌లో ఉన్నట్టే ఉంది. అమ్మ వచ్చి "ఇల్లంతా ఆ గుగ్గిలం కంపు, ఇక పడుకో" అని ఫ్యాన్ పెంచి వెళ్లింది. పడుకున్నాను గానీ నిద్ర ఎక్కడిది! కళ్లు మూసుకుంటే రాగి గీతలే.

సోమవారం ఆఫీసు అయ్యాక మళ్లీ కోఠి. కౌంటర్ దగ్గర కుర్రాడికి విషయం చెప్తే, వినకముందే "ఐసీ పోయుంటది అన్నా, మార్చి చూడు" అన్నాడు. నాకూ అదే అనుమానం. 4558కి నకిలీలు తిరుగుతాయన్న మాట ఈ పని చేసేవాళ్లందరూ చెప్పేదే. ఐసీని నేరుగా అతికించకుండా ఎనిమిది కాళ్ల ఐసీ బేస్ వేశాను కాబట్టి మార్చడం నిమిషం పని. నాలుగు కొన్నాను, ఒక్కోటి రూ.15. బస్సులో చేతిలో ఆ చిన్న కవరు పట్టుకుని, ఇంటికెళ్లగానే సాల్వ్ అయిపోతుందనే ధీమాతో ఉన్నాను. నాలుగూ మార్చి చూశాను. అదే 'ఫ్ర్‌ర్'. నాలుగు ఐసీలూ ఒకేలా పోవడం జరగని పని అని తెలుస్తూనే ఉంది, అయినా నాలుగోది కూడా పెట్టి చూశాను.

ఈ లైటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎల్ఈడీ వెలుగుతోంది కాబట్టి బోర్డుకి కరెంటు అందుతోందనీ, బోర్డు పనిచేస్తోందనీ అనుకుంటాం. ఆ లైటుకీ బోర్డుకీ సంబంధమే లేదు. స్విచ్‌లో తొమ్మిది కాళ్లు మూడు వరసలు. రెండు వరసలు సౌండ్‌ని అటూ ఇటూ మళ్లిస్తాయి, మూడోది కేవలం లైటు కోసం. బోర్డు మొత్తం పీకి పక్కన పడేసినా అది వెలుగుతుంది.

వారం మధ్యలో పెద్దగా చేసిందేమీ లేదు. ఆఫీసు పని, పైగా చిరాకు. గురువారం రాత్రి అన్ని జాయింట్లకీ మళ్లీ సోల్డరింగ్ ఐరన్ తగిలించాను, డ్రై సోల్డర్ (సరిగా అతకని జాయింట్) ఉంటే పోతుందని. ఒకటి రెండు మెరుపు లేకుండా బూడిదరంగులో ఉన్నాయి, అవి బాగుపడ్డాయి. సౌండ్‌లో ఏ మార్పూ లేదు.

శనివారం, 11వ తేదీన మా నాన్న స్నేహితుడు, మా సందు చివర టీవీ రిపేరు షాపు నడిపే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ట్రాన్సిస్టర్ రేడియోల కాలం నుంచి ఈ పనే. ఇప్పుడు మిక్సీలు, ఇండక్షన్ స్టవ్‌లు ఎక్కువ వస్తున్నాయట. బోర్డు చేతిలోకి తీసుకుని అద్దం కింద ఓసారి చూసి, నన్నడిగిన మొదటి ప్రశ్న: "వోల్టేజీలు రాశావా?"

రాయలేదన్నాను.

"మరి ఐసీలెందుకు కొన్నావురా? సరే. సౌండు ఎక్కడిదాకా వస్తోందో అది చూశావా?"

అదీ చూడలేదు. ఆయన ఓ పాత కేబుల్ తెప్పించి ఒక కొస కోశారు. పైన ఉండే జాలీ తీగకి మొసలి క్లిప్ వేసి బోర్డు గ్రౌండ్‌కి (సున్నా వోల్టుల వైపుకి) తగిలించారు. లోపలి తీగకి 104 అని రాసుండే చిన్న కెపాసిటర్ ఒకటి, అంటే 0.1 మైక్రోఫారడ్, అతికించారు. కేబుల్ రెండో కొస ఆంప్‌లోకి. అంతే, ప్రోబ్ తయారు. కెపాసిటర్ డీసీని ఆపి సౌండ్‌ని మాత్రం పోనిస్తుంది, కాబట్టి దాని కాలుని బోర్డు మీద ఎక్కడ ఆనిస్తే అక్కడి సౌండ్ ఆంప్‌లో వినిపిస్తుంది. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టుకోవాలి. కాలు ఆనించిన ప్రతిసారీ 'టప్' అని గుండెలదిరేలా కొడుతుంది.

ఇక లోపలికి పంపడానికి ఆగకుండా మోగే సౌండ్ ఏదైనా కావాలి. ఒక చేత్తో గిటార్, ఒక చేత్తో ప్రోబ్ కుదరదు కదా. అక్క కచేరీ సాధనకి వాడే శ్రుతి బాక్స్ యాప్ ఉన్న పాత ఫోను గుర్తొచ్చింది. దానికింకా ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది. ఇంటికి పరిగెత్తి తెచ్చాను. వాల్యూమ్ తక్కువలో పెట్టి, స-ప-స ఆన్ చేసి, పెడల్ ఇన్‌పుట్‌లోకి ఇచ్చాం. టీవీ రిపేరు బల్ల మీద తంబూరా మోగుతుంటే పక్క కొట్టువాళ్లు తొంగి చూశారు.

ఇన్‌పుట్ జాక్ దగ్గర శ్రుతి శుభ్రంగా ఉంది. మొదటి కెపాసిటర్ దాటాకా ఉంది. మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గరా ఉంది! అక్కడిదాకా బానే ఉందని నేను ముందుకు కదలబోతుంటే, బాబాయ్ నా చెయ్యి అక్కడే ఆపి, ఫోన్ వాల్యూమ్ మెల్లగా పెంచారు. సగం దాటేసరికి శ్రుతి గరగరలాడి ముక్కలు ముక్కలయింది. తగ్గిస్తే మళ్లీ మామూలే. గిటార్ గట్టిగా కొడితే వచ్చిన ఆ 'ఫ్ర్‌ర్' ఇదే. తర్వాత ఐసీ 3వ పిన్, ఇన్‌పుట్. అక్కడా ఇదే గరగర శ్రుతి. 1వ పిన్, అంటే ఐసీ నుంచి బయటికొచ్చే చోట, దాదాపు ఏమీ లేదు.

"ట్రాన్సిస్టరూ సరిగా మొయ్యట్లేదు, ఐసీ అసలు మొయ్యట్లేదు. రెండూ ఒకేసారి పోతాయా? రెంటికీ కలిపి ఏదుందో చూడు" అన్నారు.

రెంటికీ కలిపి ఉన్నది సగం వోల్టేజీ. ఈ సర్క్యూట్‌కి ఇచ్చేది ఒక్క 9 వోల్టులే. గిటార్ సౌండ్ పైకీ కిందకీ ఊగాలంటే మధ్యలో నాలుగున్నర దగ్గర దానికి చోటుండాలి. 9 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య రెండు 10కే (పది వేల ఓమ్స్) రెసిస్టర్లు వేసి, అవి కలిసే చోట ఆ నాలుగున్నర తీసుకుంటారు. ట్రాన్సిస్టర్ బేస్‌కీ, ఐసీ 3, 5 పిన్లకీ అక్కడినుంచే వెళ్తుంది.

మల్టీమీటరు పెట్టి వోల్టేజీలు చూశాం. ఐసీ 8వ పిన్ 9.06. 4వ పిన్ సున్నా. 3వ పిన్ 0.82. 5వ పిన్ 0.82. రెసిస్టర్లు కలిసే చోటా 0.82.

నాలుగున్నర ఉండాల్సిన చోట ఒక వోల్టు కూడా లేదు. సౌండ్ కిందకి ఊగడానికి చోటే లేదు, గోడకి తగిలి తెగిపోతోంది. మెల్లగా మీటితే ఏమీ రాకపోవడం, గట్టిగా కొడితే చిరగడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నాకు ఒళ్లు జలదరించింది. పక్కన బాబాయ్ మాత్రం టీ చెప్పడానికి బయటికెళ్లారు.

మొదటి అనుమానం ఆ రెసిస్టర్లు కలిసే చోటికీ గ్రౌండ్‌కీ మధ్య ఉండే 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద. అది లీకై గ్రౌండ్‌కి లాగేస్తోందేమోనని ఒక కాలు ఊడదీశాం. 0.82 కదల్లేదు. అడాప్టర్ తీసేసి రెసిస్టర్లు కొలిచాం. పైది దగ్గరదగ్గర 10కే. కిందది 0.99కే. ఊడదీసి విడిగా కొలిస్తే 998 ఓమ్స్. అంటే 1కే. 9.06ని పదికీ ఒకటికీ మధ్య పంచితే వచ్చేది కచ్చితంగా 0.82.

ఆ రెసిస్టర్ 10కే అని రాసున్న కవరులోంచి తీసిందే. ఎం.ఎఫ్.ఆర్. (మెటల్ ఫిల్మ్) రకం, నీలం ఒళ్లు, అయిదు గీతలు. 10కేకి గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. 1కేకి గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, గోధుమ. తేడా నాలుగో గీత ఒక్కటే, అదీ ఎరుపా గోధుమా అన్నది. నీలం మీద ఆ రెండూ ట్యూబ్‌లైట్ కింద ఒకటే. బయట ఎండలోకి తీసుకెళ్లి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి, పక్కన ఇంకోటి పెట్టుకుని చూస్తే అప్పుడు తెలిసింది. కవరులో మిగిలినవాటిని కొలిస్తే ఇంకొక 1కే దొరికింది. డబ్బాల్లోంచి గుప్పెట్లతో తీసి లెక్కపెట్టి ఇస్తారు, అక్కడే కలిసి ఉంటాయి. ఒకటి రూపాయి ఖరీదు.

అసలు 10కే వేశాక 4.51. శ్రుతి పెట్టి డ్రైవ్ పాట్ తిప్పితే షాపంతా గర్జించింది. బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి, "పాడు చేశావు గదరా మంచి తంబూరాని" అన్నారు. డబ్బు తీసుకోలేదు. ఆయన మిక్సీ మోటారుకి బుష్‌లు కావాలంటే తర్వాత కోఠి నుంచి తెచ్చిచ్చాను.

ఆదివారం బోర్డుని డబ్బాలో కూర్చోబెట్టాను. మూత లేకుండా వాయిస్తే అద్భుతం. కింది తీగలు కాస్త పలచబడి, మధ్యలో ఆ ముక్కుసౌండ్ ముందుకొచ్చి, ఆంప్ కొంచెం ఉడుకుతున్నట్టుగా, నేను వినాలనుకున్నదే. నాలుగు స్క్రూలు బిగించి మూత పెట్టాను. చచ్చిపోయింది. 'ఫ్ర్‌ర్' కూడా లేదు. మూత తీస్తే బతికింది. ఇలాంటివి కట్టేవాళ్లలో ఈ మూత దెబ్బ తినని వాడుండడేమో. డబ్బా లోతు 31 మిల్లీమీటర్లే, అందులో పాట్లు, వాటి వెనక బోర్డు, పైన జాక్‌లు. మూత బోర్డుని అర మిల్లీమీటరు నొక్కుతోంది. ఆ నొక్కుకి బోర్డు అడుగున పొడుచుకొచ్చిన ఒక తీగ కొస పాట్ వెనకున్న లోహానికి తగులుతోంది, అది గ్రౌండ్. మీటరుని రెండు చోట్లు కలిస్తే మోగే బీప్ మోడ్‌లో పెట్టి, బోర్డుని వేలితో అక్కడక్కడా నొక్కుతూ పోతే లెవెల్ పాట్ దగ్గర కుయ్యిమంది. కొసలన్నీ కట్టర్‌తో కత్తిరించి, పాట్ల వెనక ఇన్సులేషన్ టేపు రెండు పొరలు వేసి, మధ్యలో పాత ఫైలు అట్టముక్క దూర్చాను. అవుట్‌పుట్ జాక్‌ని కూడా కొంచెం తిప్పాల్సి వచ్చింది. షాపులో పి-38 అని అడిగితే ఇచ్చే ఈ జాక్‌లలో కేబుల్ దూర్చినప్పుడు లోపలి రేకు బయటికి వంగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత దూరంగా కనిపించినా సరే. కేబుళ్లు పెట్టి చూసుకున్నాకే మూత బిగించాలి.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ఇరవై నిమిషాలు వాయించాక స్విచ్ నొక్కితే సౌండ్ మాయం. ఇంకోసారి నొక్కితే వస్తుంది. కాలు కొంచెం పక్కకి ఆనిస్తే కరకర. ఈసారి తొందరపడలేదు. అడాప్టర్ తీసి, స్విచ్‌ని ఒక్కదాన్నే బీప్‌తో చూశాను. మధ్య కాలు ఒకసారి పైదానితో, ఒకసారి కిందిదానితో కలవాలి. రెండు వరసలు ఠంచనుగా పలికాయి. సౌండ్ వెళ్లే వరసల్లో ఒకటి మాత్రం ఒకసారి పలికి, ఒకసారి పలక్క, మీటరులో అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. చవక 3పీడీటీల్లో లోపల ప్లాస్టిక్ వైర్లు అతికించేటప్పటి వేడికి మెత్తబడుతుంది, కాలు పక్కకి జరుగుతుంది. దాన్ని బాగుచేసే పని ఉండదు, మార్చడమే.

13న కొత్తది ఆర్డర్ పెట్టాను, ఈసారి రెండు, ఒక్కోటి రూ.240 రకం. మధ్యలో దీపావళి. పార్సిల్ హైదరాబాద్ వచ్చేసి గోదాములో కూర్చుంది. ప్రతి పూటా ట్రాకింగ్ చూడటం, 'దారిలో ఉంది' అని కనిపించడం. పదేపదే రిఫ్రెష్ చేస్తుంటే అక్క "పెళ్లి సంబంధం ఫొటో కోసం కూడా ఇంత ఎదురుచూడవు" అంది. 24న వచ్చింది. ఈసారి ఒక కాలు అతికించి, చల్లారనిచ్చి, దూరంగా ఉన్న మరో కాలుకి వెళ్లాను. పక్కపక్క కాళ్లు వరసగా అతికిస్తే వేడంతా ఒకేచోట చేరుతుంది. తొమ్మిది కాళ్లకి ముప్పావు గంట పట్టింది. పాత స్విచ్ ఊడదీసేముందు ఫొటో తీసుకోవడం మంచిదైంది, వైర్లలో నాలుగు నలుపువే.

మిగిలింది హమ్. మూత పెట్టాక చాలావరకు తగ్గింది, ఆ అల్యూమినియం డబ్బా గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది కాబట్టి. కానీ నా గదిలో సన్నగా 'మ్మ్' అని ఉండనే ఉంది. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే వస్తుంది. ఆంప్‌ని ఫ్రిజ్ ప్లగ్‌లో పెట్టి చూస్తే దాదాపు లేదు. బాబాయ్ వచ్చి చూసి, నా గదిలో ప్లగ్‌కి మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక ఎర్త్ వైరే లేదన్నారు. ఇన్నేళ్లుగా కంప్యూటరు కూడా దానిలోనే నడుస్తోంది! ఓనరుకి చెప్తే ఎలక్ట్రీషియన్‌ని పంపుతానన్నారు. ప్రస్తుతానికి ఆంప్ హాల్లో, ఫ్రిజ్ పక్కన. కూర తరుగుతూ అమ్మ వినక తప్పట్లేదు.

ఇంకొకటి బాకీ ఉంది. టోన్ పాట్ తిప్పితే మధ్యలో చాలాదూరం ఏమీ మారదు, చివర్లో ఒక్కసారిగా అంతా మారిపోతుంది. ఇది లోపం కాదు. ఈ సర్క్యూట్‌లో టోన్‌కి వాడేది జీ20కే అనే వేరే రకం పాట్. నేను వేసింది కోఠిలో దొరికిన మామూలు బీ20కే. జీ20కే ఆన్‌లైన్‌లో ఒకటి కనిపించింది. పాట్ రూ.90, డెలివరీ రూ.80. ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.